గురమ్మత్త అంగిలి

మా డైరెక్టరు డాక్టర్ వాచస్పతి గారు టీవీవాళ్ళ ముందు మరుగుతున్న కాఫీ నోట్లో పోసుకున్న రోజున నేను వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. కప్పులో బుడగలు ఇంకా పేలుతూనే ఉన్నాయి. ఆయన మింగలేదు. మింగితే కడుపు ఉడికిపోతుందని ఆయనకీ తెలుసు. బుగ్గలు ఉబ్బించి అటూ ఇటూ పుక్కిలించి, వెండి గిన్నెలోకి ఉమ్మేసి, నోరు బార్లా తెరిచి కెమెరాకి చూపించారు. లోపల ఎక్కడా ఎర్రబడలేదు. తెల్లగా, దళసరిగా నిగనిగలాడుతోంది. "ఇది మనిషికి కొత్త నోరు" అన్నారు. పాత నోటితో చేసిన ఘనకార్యాలు చాలలేదు కాబోలు.

ఆ కొత్త నోరు మా గురమ్మత్త అంగిలిలోంచి పుట్టింది. ఆవిడ నాకు స్వయానా మేనత్త అన్న సంగతి ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. తెలిసీ చప్పట్లు కొట్టాను కాబట్టి ఈ కథలో తిట్లన్నీ ఆయనకే దక్కుతాయని మాత్రం అనుకోకండి.

నా పేరు నూకరత్నం. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఆ అద్దాల భవనంలో పదిహేడేళ్ళు స్లైడ్లు చేశాను. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కని మైనంలో దించి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, ఊదా గులాబీ రంగులద్ది గాజుపలక మీద పరవడం నా పని. దాన్ని చూసి "ఊఁ" అనడం డాక్టర్ల పని. ఆ ఊఁ కొట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు.

నోటి లోపలంతా ఒకటే తోలు అనుకుంటారు జనం. మా డైరెక్టరు గారు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారని నా అనుమానం. ఆయన నోటి డాక్టరు కాదు, గాజుగిన్నెల్లో కణాలు పెంచే మనిషి. బుగ్గ లోపలి పొర మెత్తగా తడిగా ఉండి సాగుతుంది. అంగిలి మీద, చిగుళ్ళ మీద పొర గట్టిది. అక్కడి కణాలు అడుగు వరసలో పుట్టి, ముళ్ళలాంటి చేతులతో ఒకదాన్నొకటి పట్టుకుని పైకి జరుగుతూ జరుగుతూ చచ్చి, పైన పెచ్చు కడతాయి. నాలుక తీరు వేరు. ఈ మామూలు కణాల మధ్య అక్కడక్కడ ఇంకో మూడు రకాలు ఉంటాయి. ఒకటి రంగు పోస్తుంది. ఒకటి తాకిడి తెలియజేస్తుంది. మూడోది సన్నటి చేతులు చాపుకుని కాపలా కాస్తుంది, పరాయిది ఏదొచ్చినా ఒంటికంతటికీ కబురు పెడుతుంది. ఇంతే నోరు. రెండు వారాలకోసారి పాతది రాలి కొత్తది వస్తుంది.

కాన్సరుకి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టినప్పుడు ముందు మాడేది ఈ పొరే. మా ఆయన అప్పలస్వామి ఆర్టీసీలో కండక్టరు. గొంతులో గడ్డకి ముప్పై మూడు సార్లు కరెంటు పెట్టారు. గడ్డ పోయింది, నోరూ పోయింది. బుగ్గలు, అంగిలి, నాలుక కింద అంతా పచ్చిపుండు. గంజి చుక్క తగిలితే ఆ మనిషి గోడ పట్టుకుని వణికేవాడు. బస్సులో అరవై మందిని కేకలేసి సర్దిన గొంతుతో నన్ను నీళ్ళు కూడా అడగలేక పలక మీద రాసేవాడు. డెబ్భై కేజీల మనిషి నలభై నాలుగుకి దిగాడు.

సరిగ్గా ఆ సమయంలోనే మా సంస్థ అలాంటి నోళ్ళకి అతికించే పొర ఒకటి పెంచాలని నడుం కట్టింది. గట్టి అంగిలి కణాలు కావాలి, ఉద్యోగులు తమకి తెలిసినవాళ్ళని తీసుకురండి అని నోటీసు పెట్టారు. గురమ్మత్త అప్పుడు కంట్లో శుక్లం తీయించుకోవడానికి మా ఇంట్లో ఉంది.

గురమ్మత్త మా నాన్నకి అక్క. నాకు రెండేళ్ళప్పుడు అమ్మ పోతే ఆవిడే చంకనేసుకుని, భీమిలి అవతల మా ఊరి ఒడ్డున చేపలమ్మి నన్ను చదివించింది. ఆవిడ చుట్ట కాలుస్తుంది. మా ఒడ్డున ఆడవాళ్ళు కాల్చే తీరు వేరు. దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని పెదాలు మూస్తారు. చేపల గంప నెత్తినెత్తుకుని సముద్రం గాలిలో నడిచేవాళ్ళకి అలాగైతే నిప్పు ఆరదు, నిప్పురవ్వ చీరమీద పడదు, చేతులతో పనిలేదు. గొప్పగా చెప్పుకోవాల్సిన అలవాటేం కాదు. మా వీధిలోనే ముగ్గురు ఆడవాళ్ళకి అంగిలి పుండై, కన్నంపడి, కాటికెళ్ళారు. గురమ్మత్తకి మాత్రం యాభై రెండేళ్ళుగా ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో ఎవరికీ తెలియదు.

ఆవిడని ల్యాబుకి తీసుకెళ్ళేముందు చుట్టలు దాచేశాను. యాలకులు నమిలించాను. నా చీర కట్టించాను. ఎందుకంటే పదిహేడేళ్ళ కిందట ఆ భవనంలో నేను మొదటిరోజు అన్నం డబ్బా తెరిచినప్పుడు ఇద్దరు ముక్కు మూసుకుని లేచి వెళ్ళిపోయారు. మర్నాటినుంచి పెరుగన్నం తీసుకెళ్ళాను. ఆ తరవాత నా మాటలోంచి మా ఊరి యాస తీసేశాను. ఆఖరికి మా ఊరినే తీసేశాను.

ఫారం నేనే నింపాను. "పొగాకు అలవాటు" అన్న గడిలో "లేదు" అని రాశాను. నోట్లో నిప్పు పెట్టుకునే మనిషి మా ఇంటిది అని ఆ కాగితం మీద రాయడానికి చెయ్యి రాలేదు. దాని కింద "దాత ఫారం నింపేవారికి ఏమవుతారు" అన్న గడి ఉంది. "తెలిసిన మనిషి" అని రాశాను. గురమ్మత్త వేలిముద్ర వేసింది. ఆవిడకి చదువు రాదు.

అంగిలి ముక్క తీయాల్సింది డాక్టరు. వాచస్పతి గారు గుమ్మం దగ్గరే ఆగి, చేతిరుమాలు ముక్కుకి ఆనించి, "రత్నంగారూ, మీరే కానిచ్చేయండి" అని వెళ్ళిపోయారు. ముసలమ్మ ఉమ్మి ఆయన చేతికి అంటుకుంటే పరిశోధన అపవిత్రమైపోతుంది మరి. ఆయన ఆ రోజు ఒక్కసారి ఆవిడ నోట్లోకి తొంగిచూసి ఉంటే చాలు. చూసినా ఆయనకి అర్థమయ్యేది కాదేమో గాని, పక్కన ఒక పళ్ళ డాక్టరు ఉంటే అర నిమిషంలో చెప్పేసేవాడు. విశాఖలో ఆ తెల్లటి, ఎర్రచుక్కల అంగిలి తెలియని పళ్ళ డాక్టరు ఉండడు.

ఆయన చూసింది నేను చేసిన స్లైడు ఒక్కటే. మైక్రోస్కోపు మీద వంగి గంతేసినంత పని చేశారు.

"ఇంత దళసరి పెచ్చా! ఏ అలవాటూ లేదా ఈవిడకి?"

"లేదండి" అన్నాను.

"అంటే పుట్టుకతో వచ్చిందన్నమాట! మన అదృష్టం చూశారా? పనికిమాలిన ముసలిదాని నోట్లో ఇంతటి సంపద పెట్టాడు దేవుడు."

నేను రంగుసీసా మూత బిగించాను. అప్పుడు ఆయన మొహాన ఆ సీసా కొట్టి ఉంటే ఇవాళ నా మీద నాకు కాస్త మర్యాద మిగిలేది.

పొర తయారైంది. తడి తమలపాకులాగా చేతిలో వాలిపోయేది. ఎవరి నోట్లో పెట్టినా ఒళ్ళు తిరగబడకుండా ఉండాలని దాంట్లోంచి కాపలా కణాలన్నీ ఏరి పారేశారు. తాకిడి చెప్పేవి గాజుగిన్నెలో పెరగడానికి మొరాయించాయి, వాటినీ వదిలేశారు. "కాపలావాళ్ళు లేకపోతే లోపలికి ఏదొచ్చినా ఎవరు చెప్తారు సార్?" అని ఒకసారి అడిగాను. "మీరు రంగులద్దండి, చాలు" అన్నారు.

మొదటి పన్నెండుమంది రోగుల్లో మా ఆయన పేరు ఉండేలా నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను. నాలుక పైభాగం వదిలి మిగతా నోరంతా పరిచారు. పదిహేను రోజులకి పొర అతుక్కుంది. పదహారో రోజు మధ్యాహ్నం అప్పలస్వామి వంటింటి గుమ్మంలో నిలబడి, "నెత్తళ్ళ పులుసు పెట్టవే" అన్నాడు. నాలుగు నెలల తరవాత నేను విన్న మొదటి మాట అది.

రెండు ముద్దలు తిని ఆగి, "పులుపు తెలుస్తోంది రత్నం, ముల్లు తెలియట్లేదు" అన్నాడు. నేను పక్కన కూర్చుని ప్రతి చేపా వేళ్ళతో నలిపి ముళ్ళు తీసి పెట్టాను. ఏడుస్తూ పెట్టాను. ఆ పూట వాచస్పతి గారి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోమన్నా చల్లుకునేదాన్ని. కృతజ్ఞత మనిషిని ఎంత గుడ్డిదాన్ని చేస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ తరవాతే కాఫీ, టీవీ, చప్పట్లు. ప్రదర్శన కోసం డైరెక్టరు గారు తన నోట్లో కూడా, నాలుకతో సహా, పొర వేయించుకున్నారు. రోగం లేని నోటికి మందు పెట్టించుకున్న మహానుభావుడు. నెల తిరిగేసరికి అయిదు ఆసుపత్రుల్లో నాలుగు వందల మందికి పొర వేస్తామని ప్రకటించారు.

ఏడో వారంలో ఒకరోజు పొద్దున్న అప్పలస్వామి మొహం కడుక్కుంటూ ఏదో ఉమ్మాడు. అరచెయ్యంత తెల్లటి పెచ్చు. నొప్పి లేదన్నాడు. నొప్పి ఎలా తెలుస్తుంది? టార్చి వేసి చూస్తే బుగ్గ లోపల తనే కొరుక్కున్న గాట్లు, వాటి చుట్టూ చీము. ఆ మనిషికి తెలియనే తెలియదు. ఒంటికి జ్వరం కూడా రాలేదు, కబురు చెప్పే కాపలావాడు లేడు కదా.

గురమ్మత్త అప్పటికి రెండో కంటి ఆపరేషనుకి మళ్ళీ మా ఇంటికొచ్చింది. వాష్‌బేసిన్ దగ్గర నేను ఆ పెచ్చు పట్టుకుని నిలబడితే, కొత్త కన్ను చికిలించి చూసింది.

"ఓలె రత్నం, ఇది నా అంగిలే."

"నీదేంటత్తా, ఆయన నోట్లోంచి ఊడింది."

"ఎవులి నోట్లోంచి ఊడితే ఏటి, నా సరుకు నాకు తెల్దేటి? అమ్మోరి పండక్కి తొమ్మిది రోజులు సుట్ట ముట్టను కదా. అయిదో నాటికి ఇలగే పెచ్చులూడొచ్చీద్ది. మల్లీ నిప్పెడితే అతుక్కుంతాది. దానికి రోజూ ఏడి తగలాల. ఏడి నేకపోతే నిలబడదు."

ఆ దళసరి పుట్టుకతో వచ్చింది కాదు. యాభై రెండేళ్ళ నిప్పు ఆ కణాలకి నేర్పిన అలవాటది. వాటిని తీసుకెళ్ళి చల్లటి నోళ్ళలో పెట్టాం. ఇన్ని వారాలు పాత అలవాటు మీద నెట్టుకొచ్చాయి, ఇప్పుడు చేతులు వదిలేస్తున్నాయి.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగినావేటి? మీ డాట్రుబాబు అడిగినాడేటి? నోరు తెరమన్నారు, తెరిసినాను. ముక్క కోసుకున్నారు. అడిగితే సెప్పనా?"

ఆ పూటే డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. ఫారంలో అలవాటు గురించి అబద్ధం రాశానని చెప్పాను. అడ్డపొగ అంటే ఏమిటో వివరించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఏదో జంతువు గురించి వింటున్నట్టు విన్నారు.

"నోట్లో నిప్పా? మీవాళ్ళలో ఇలాంటివి కూడా ఉన్నాయా!"

"ఉన్నాయి సార్. పొరకి రోజూ వేడి కావాలి. ముందు మిగతా వాళ్ళకి కబురు చెప్పాలి. ఆ నాలుగు వందల మందికీ వెయ్యకూడదు."

"రోగులు నోరు శుభ్రంగా ఉంచుకోవట్లేదు. రిపోర్టులో అదే రాశాం." మాట్లాడుతుంటే ఆయన పెదవి మూల తెల్లటి పొట్టు వేలాడింది. రుమాలుతో ఒత్తుకున్నారు. "చుట్ట తాగే ముసలిదాని మాట మీద ఇంత పరిశోధన ఆపమంటారా? ఫారంలో అలవాటు లేదు అని ఉంది. కింద మీ సంతకం ఉంది. నాకు ఆ కాగితం చాలు."

ఆయన్ని అసహ్యించుకుంటూ మెట్లు దిగాను. పది మెట్లు దిగేసరికి ఆ కాగితం నా చేతిరాతేనని గుర్తొచ్చింది.

ఇంట్లో గురమ్మత్త పని మొదలుపెట్టేసింది. అల్లుడికి చుట్ట ఇవ్వనంది. "పొగ కాదే కావాల్సింది. పొగ సంపుద్ది. ఏడి సాలు" అంది. స్టీలు గరిటె వేడినీళ్ళలో ముంచి, తుడిచి, తన ముంజేతికి ఆనించి చూసుకుని, అప్పలస్వామి నోట్లో అంగిలికి వెంట్రుకవాసి దూరంలో పట్టుకుంది. "నోరు మూసుకో అల్లుడా. ముక్కుతో గాలి తీయి. నాలిక కిందకి." ఆ మనిషికి వేడి తెలియదు కాబట్టి ఇంకో చెయ్యి బయట బుగ్గకి ఆనించి పెట్టింది. తన అరచెయ్యి చురుక్కుమంటే గరిటె తీసేసేది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను గాట్లు కడిగి మందు రాశాను. ఎనిమిదో రోజుకి పెచ్చులు ఆగిపోయాయి. పన్నెండో రోజున కొత్త పొర అంచులు కలిశాయి.

రెండో రోజే రిజిస్టరులోంచి మిగతా పదకొండు మంది ఫోన్ నంబర్లు దొంగతనంగా రాసుకొచ్చి ఒక్కొక్కరికీ చేశాను. పదిమంది ఎత్తారు. పదకొండో నంబరు భానోజీరావు మాస్టారిది, చోడవరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. పొర వేసిన రోజున నా చేతులు పట్టుకుని, మళ్ళీ విజిలు ఊదగలనా అమ్మా అని అడిగాడు. వాళ్ళమ్మాయి ఎత్తింది. చీము గొంతులోకి దిగిందని ఎవరూ గమనించలేదట, నొప్పే లేదట, నాలుగు రోజుల కిందట పోయారట. "మీరు ల్యాబు నుంచేనా? నాన్నగారు మీ అందరికీ దండాలు చెప్పమన్నారండి" అంది. నాలుగు రోజులు. "లేదు" అన్న ఒక్క మాట రాయకుండా ఉంటే ఆ మాస్టారు ఇవాళ విజిలు ఊదుకుంటూ ఉండేవాడు.

మా ఇంటి వరండా నోళ్ళ ఆసుపత్రి అయిపోయింది. పదిమంది వరసగా పీటల మీద కూర్చునేవారు, పదిమంది నోళ్ళలో పది గరిటెలు. మధ్యలో గురమ్మత్త కర్ర పట్టుకుని తిరిగేది. బ్యాంకు మేనేజరుని కూడా వదిలేది కాదు. "ఏటి బాబూ, గరిటి సప్పరిస్తన్నావు? అదేటి పంచదారా?" అని కసిరేది. వాళ్ళు గరిటెలు నోట్లో ఉంచుకునే నవ్వేవారు. నెలల తరబడి డాక్టర్లు "మీకేం కాలేదు" అంటే తలూపిన మనుషులు ఆవిడ "నీ నోరు బాగోనేదు, రేపు కూడా రా" అంటే మరీ మరీ నమస్కారం పెట్టి వెళ్ళేవారు.

తొమ్మిదో రోజు ఉదయం వీధిలో కారు ఆగింది. డైరెక్టరు గారు దిగారు. మొహానికి రెండు మాస్కులు, అయినా వాసన ముందే వచ్చింది. నోరు లోపల కుళ్ళుతోందని ఆయనకి తప్ప వరండాలో అందరికీ తెలిసింది. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"రోగుల్ని ఇంటికి రప్పించుకుని నాటువైద్యం చేస్తున్నారా? పోలీసు రిపోర్టు ఇస్తాను" అన్నారు.

"ఇవ్వండి. అడ్డపొగ సంగతి అక్కడ కూడా చెప్తాను. మా మేనత్త నోరు అది, నాకు తెలియదా?"

నోరు జారాను. ఆయన కళ్ళు మెరిశాయి. కాగితం విప్పి, రోగులందరికీ వినపడేలా చదివారు. "దాత ఫారం నింపేవారికి ఏమవుతారు: తెలిసిన మనిషి. ఇది మీ రాత కాదా? అప్పుడు ఎవరూ కాని మనిషి ఇప్పుడు మేనత్త అయిందా? మీ మాట ఏ కమిటీ నమ్ముతుంది?"

అప్పలస్వామి నోట్లోంచి గరిటె తీసి నా వైపు చూశాడు. ఆయనకి కూడా తెలియదు ఆ సంగతి.

"ఏటండి బాబూ, ఏటి రాసినాది?" అని అడిగింది గురమ్మత్త.

ఆయన మళ్ళీ చదివారు, ఈసారి మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి. అంత శ్రద్ధగా ఆయన దేన్నీ చదవగా నేను చూడలేదు.

గురమ్మత్త నన్ను చూసింది. ఎంతసేపో చూడలేదు, కొత్త కన్ను ఒకసారి తుడుచుకునేంతసేపు. తరవాత వేడినీళ్ళలోంచి గరిటె తీసి, తుడిచి, ముంజేతికి ఆనించుకుంది.

"కూకోండి బాబూ. నోరు తెరండి. కంపు కొడతన్నాది."

ఆయన కదల్లేదు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కి పీట మీద కూర్చోబెట్టింది. రెండు మాస్కులూ తనే కిందకి లాగింది. ఏ నోటిని తాకడం ఇష్టంలేక ఆయన గుమ్మంలోంచి వెళ్ళిపోయారో, ఆ నోరున్న మనిషి ఆయన పళ్ళ మధ్య వేలు పెట్టి, ఊడిన పొర తీసి నేల మీద పడేసి, గరిటె పట్టుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. రుమాలు ఒళ్ళోంచి జారిపోయింది. ఆయన్ని ఆ స్థితిలో చూడాలని నేను ఎన్ని పగటికలలు కన్నానో! తీరా చూస్తే నాకేం సంతోషం కలగలేదు.

గురమ్మత్త తల తిప్పకుండానే అంది.

"మేడంగారూ, ఆ నీల్లు కాత్త ఏడి సెయ్యండి."

ఎవర్ని అంటోందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

తరవాత వారం రోజులు ఆవిడ మా ఇంట్లోనే ఉంది. అందరి నోళ్ళూ అతుక్కునేదాకా ఉంది. వండింది తింది, అల్లుడితో నవ్వింది, నన్ను ఒక్కసారి కూడా చిన్నప్పట్నుంచీ పిలిచినట్టు గుంటా అనలేదు, రత్నం అనలేదు. మేడంగారూ ఉప్పు ఎక్కడెట్టినారండి, మేడంగారూ కాత్త తప్పుకోండి. కాళ్ళు పట్టుకున్నాను. "అయ్యో, తమరు పెద్దోరు" అని లేవదీసింది. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. ఆఖరి రోగి నోరు చూసి సరే అనుకున్నాక, సంచి సర్దుకుని బస్సెక్కి ఊరికి వెళ్ళిపోయింది.

నేను ఎథిక్స్ కమిటీకి రాశాను. అలవాటు గడిలో "చుట్ట, నిప్పు నోటి లోపల, యాభై రెండేళ్ళు" అని దిద్దాను. సంబంధం గడిలో "మేనత్త, పెంచిన తల్లి" అని దిద్దాను. భానోజీరావు మాస్టారి సంగతి రాశాను. నాలుగు వందల మందికి పొర వేయడం మొదలవ్వడానికి ఆరు రోజులుంది. డైరెక్టరు గారు రోజూ పొద్దున్న ఇంట్లో గరిటె పెట్టుకుని, తరవాత ఆఫీసుకొచ్చి, వేడి అక్కర్లేదని ఉత్తరాలు రాస్తున్నారని డ్రైవరు చెప్పాడు. సిగ్గులేనితనానికి కూడా ఒక దళసరి పొర ఉంటుంది, దాన్ని మాత్రం ఏ గాజుగిన్నెలో పెంచనక్కర్లేదు.

కమిటీ నుంచి మూడో రోజున జవాబొచ్చింది. మొదటి ఫారానికి, దిద్దిన ఫారానికి పొంతన లేదు కాబట్టి, దాత మీకు మేనత్తేనని దాత స్వయంగా వేలిముద్రతో ధ్రువీకరిస్తే తప్ప మీ ఫిర్యాదు పరిశీలించలేము అని దాని సారాంశం. నవ్వొచ్చింది నాకు. పన్నెండు నోళ్ళు ఊడితే అక్కర్లేని రుజువు మేనత్తరికానికి కావలసొచ్చింది.

మా ఊరు వెళ్ళాను. గురమ్మత్త ఇసకలో తాటాకు చాప మీద చేపలు ఎండబెడుతోంది. నోట్లో చుట్ట, నిప్పు లోపలికి. నన్ను చూసి లేచి నిలబడింది. నేనొస్తే ఆవిడ ఎప్పుడూ లేచి నిలబడలేదు. కాగితం మొత్తం చదివి వినిపించాను. నాలుగు వందల మంది సంగతి చెప్పాను.

"నానెయ్యకపోతే ఆల్ల నోల్లు కూడా ఊడిపోతాయేటండి?"

"ఊడిపోతాయత్తా."

ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుంది. ఇంకు డబ్బా నేనే తెరిచి పట్టుకున్నాను. బొటనవేలు ముంచి, నేను చూపించిన చోట, "నూకరత్నం నా తమ్ముడి కూతురు, నేను పెంచిన పిల్ల" అని రాసున్న దాని కింద గట్టిగా ఒత్తింది. ముద్ర చక్కగా పడింది. ఉప్పుకి పగిలిన వేలి గీతలన్నీ విడివిడిగా కనిపించాయి. ఆ ముద్రతోనే ఆ నాలుగు వందల నోళ్ళూ మిగిలాయి.

కాగితం ఆరేదాకా ఇద్దరం నిలబడ్డాం. "అత్తా" అన్నాను. ఇంకా ఏదో అనబోయాను.

ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి, బూడిద దులిపి, మళ్ళీ నిప్పు లోపలికి పెట్టుకుని, రెండు చేతులూ జోడించింది.

"ఎల్లిరండి మేడంగారు. బస్సు ఎలిపోద్ది."